ఉప్పు చల్లిన కాగితం

ఆ వేసవిలో మా అన్నయ్య ఇంటి ముందుగదిలో ఎవరూ బొమ్మలు వేయలేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత అందరూ బొమ్మల గురించే మాట్లాడారు.

మేం చేసినవి అభ్యాసాలు. ఒకే రంగును కాగితం పైనుంచి కిందిదాకా మచ్చ పడకుండా పరచడం. అదే రంగును ముదురుగా మొదలుపెట్టి, నీళ్ళు కలుపుకుంటూ పోయి, చివరికి తెలుపులో కలిపేయడం. తడి కాగితం మీద రెండు రంగులు పక్కపక్కన వదిలి, అవి కలుసుకునే చోట చెయ్యి పెట్టకుండా ఊరుకోవడం. ఈ చివరిదే అందరికీ కష్టం. వేలు పెట్టకుండా ఉండడం మనుషులకు చేతకాదు.

అన్నయ్య నీటిరంగుల్లో పేరున్నవాడు. అప్పటికి ఏడాది పైబడి కుంచె ముట్టలేదు. వెనకగదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను కేసి చూసేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళి పడుకునేవాడు. ఏమైంది అని అడిగితే "ఏముంది, ఏం కాలేదు" అనేవాడు. వదిన ఎన్నాళ్ళని చూస్తుంది? ఆయన పేరు పెట్టి వేసవి తరగతులని గేటుకు బోర్డు కట్టింది. జనం చేరారు. చేరాక ఆయన రానన్నాడు.

నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణాన్ని కొత్తగా కడుతున్నారని మూసేశారు. తెరిచేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాను.

"నువ్వు చెప్పు," అంది వదిన, ఉల్లిపాయలు తరుగుతూ, నా మొహం చూడకుండా.

"నాకేం వచ్చు వదినా? కళ్ళద్దాలు తుడిచేదాన్ని."

"చిన్నప్పుడు మీ అన్నయ్య నేర్పాడుగా. అదే చెప్పు. మొదటి పాఠాలకి ఎవరైతే ఏంటి?"

అలా నేను టీచరమ్మనయ్యాను. వచ్చినవాళ్ళలో ఒక నర్సు, డిగ్రీ చదివే అక్కచెల్లెళ్ళిద్దరు, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నారు. నర్సు ఏ పనైనా బుద్ధిగా చేసేది. అక్కచెల్లెళ్ళు ఒకరి కాగితం ఒకరు చూసుకుని మూతి ముడుచుకునేవారు. డ్రైవరుగారు మాత్రం కుర్చీలో స్టీరింగు ముందు కూర్చున్నట్టు కూర్చుని, కుంచెను గేరులాగా పట్టుకునేవారు.

"ఇన్నేళ్ళు బండి నడిపితే ఒక్కనాడు గీత దాటలేదు టీచరమ్మా. ఈ రంగుకి బ్రేకుల్లేవు," అనేవారు.

"బ్రేకు లేదండీ. కాగితం బిగించిన బోర్డు వంపే బ్రేకు. కాస్త వంచి పట్టుకోండి, రంగు అదే దిగుతుంది."

వాళ్ళకు చూపించాలంటే ముందు నేను వేయాలి. పొద్దున వాళ్ళతో వేసేదాన్ని, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసేదాన్ని. ఒక్క నీలంతో కొన్నాళ్ళు, ఒక్క గోధుమతో కొన్నాళ్ళు. ఎడమచేత్తో కూడా వేశాను. గది గోడలకు సున్నం కొట్టే వెడల్పాటి కుంచెతో వేశాను. బొమ్మ కావాలన్న ఆశ లేకపోతే చేతికి ఎంత స్వేచ్ఛ వస్తుందో అప్పుడు తెలిసింది. వేసినవన్నీ వసారాలో తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. ఎండకు నిమిషాల్లో పెళపెళలాడేవి. అవి బాగున్నాయని నాకు తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేదు, నాకే తెలుసు.

ఒక మంగళవారం ఉప్పు పాఠం. రంగు పూర్తిగా ఆరకముందు, తడి మెరుపు పోతూ ఉండగా, దాని మీద రాళ్ళ ఉప్పు చల్లాలి. ప్రతి రాయి చుట్టూ రంగు వెనక్కి జరిగి, తెల్లగా పువ్వు విచ్చుకుంటుంది. ముందు చల్లితే కరిగిపోతుంది, ఆలస్యమైతే ఏమీ జరగదు. పెద్ద కాగితం మీద ముదురు నీలం పరిచి, మెరుపు తగ్గేదాకా అందరం ఊపిరి బిగబట్టి చూశాం.

"ఇప్పుడు," అన్నాను. చిటికెడు తీసుకుని పైనుంచి జల్లాను.

డ్రైవరుగారికి ఉత్సాహం ఆగలేదు. ఆయనా చెయ్యి చాచారు. చిటికెడు అనుకుని గుప్పెడు పోశారు. కుడివైపు కింది మూల ఉప్పు కుప్ప పడింది.

"అయ్యో, కూర చెడిపోయింది," అన్నారు.

అందరం నవ్వాం. కానీ ఆరాక చూస్తే ఆ మూలే అద్భుతంగా వచ్చింది. కాగితమంతా చెదురుమదురుగా పువ్వులు, ఆ మూల మాత్రం అల విరిగి నురగ లేచినట్టు తెల్లగా పొంగింది. నర్సు దాన్ని ఫోటో తీసుకుంది. నేను తాడుకు తగిలించి నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాను.

ఆ వారంలోనే అన్నయ్య లేచాడు. గడ్డం గీసుకున్నాడు. వెనకగది తలుపు వేసుకుని లోపల ఏదో చేస్తున్నాడని, గ్లాసులో కుంచె కడిగే చప్పుడు వినబడుతోందని వదిన వంటింట్లో నాకు గుసగుసగా చెప్పింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఆ రోజు తాడు మీద కాగితాలు తగ్గినట్టనిపించింది. గాలికి ఎగిరి ఉంటాయనుకున్నాను. మంచం కింద కూడా వెతికాను.

ఫ్రేములు కట్టే పనితో మొదలై ఒక గ్యాలరీకి యజమాని అయిన మనిషి ఒకాయన ఉన్నాడు. మేమంతా ఫ్రేమాయన అనేవాళ్ళం. ఆయన వచ్చాడు, చూశాడు, అన్నయ్యను కౌగిలించుకుని వెళ్ళాడు. ఎండలు ముదిరేసరికి అన్నయ్య కొత్త బొమ్మల ప్రదర్శన పెట్టారు.

తరగతి మొత్తం కదిలి వెళ్ళాం. డ్రైవరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. గ్యాలరీలో చల్లగా ఉంది, అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. అన్నయ్య చుట్టూ జనం. తలుపు ఎదురుగా గోడ మధ్యలో, పెద్ద ఫ్రేములో, ముదురు నీలం నీళ్ళు. వాటిమీద ఒక సన్నటి పడవ, పడవలో వంగి కూర్చున్న మనిషి. కింద అన్నయ్య సంతకం. పక్కన చీటీలో పేరు కూడా రాశారు, "సముద్రం లేచిన రోజు" అని.

డ్రైవరుగారు దాని ముందు నిలబడి తల పక్కకు వంచారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"టీచరమ్మా, ఆ మూల చూడండి. అది నా ఉప్పు కదూ?"

నేను చూశాను.

"నా ఉప్పే. గుప్పెడు పోశాగా. నా ఉప్పు గోడెక్కింది," అని ఆయన మురిసిపోయారు. నర్సు మాత్రం మురిసిపోలేదు. ఆమె ఫోన్ తీసి, ఫోటో చూసి, ఫోన్ మళ్ళీ సంచిలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుంది.

ఆ పక్కది కూడా నాదే. దాని పక్కది కూడా. గోధుమ రంగుతో ఎడమచేత్తో పరిచినదాని మీద రెండు చెట్టు కొమ్మలు, ఒక కాకి. నీలం తెలుపులో కలిసిపోయినదాని కింద ఒక కొండ గీత. నా కాగితాలన్నీ అక్కడున్నాయి. ప్రతిదాని మీదా బొట్టు పెట్టినట్టు ఏదో ఒకటి పెట్టి కింద సంతకం చేశాడు.

ఎవరో పత్రికవాళ్ళు అన్నయ్యను ప్రశ్నలడుగుతున్నారు. ఆయన గొంతు నాకు వినిపించింది.

"చాలాకాలం మౌనంగా ఉన్నాను. ఈ నీళ్ళు ఆ మౌనంలోంచి వచ్చాయి."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ చల్లటి గదిలో నాకు తెలిసింది. నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియదు. పంటి బిగువున నిలబడ్డాను. వదిన దూరంగా, తలుపు దగ్గర, వచ్చినవాళ్ళకు నమస్కారాలు పెడుతోంది. నా వైపు మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే అడిగాను.

"అవి నావి అన్నయ్యా."

"ఏవి?" అన్నాడు, గడియారం విప్పుతూ.

"ఏవని అడుగుతున్నావా? గోడ మీదున్నవన్నీ."

"అభ్యాసాలు కదమ్మా అవి. నువ్వేమైనా బొమ్మలు వేశావా? పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలాంటివి. పలక మీద నేను పద్యం రాశాను. పద్యం ఎవరిదవుతుంది?"

"ఆ నీళ్ళు నీ మౌనంలోంచి వచ్చాయని చెప్పావు."

"పత్రికవాళ్ళతో ఏదో ఒకటి అనాలి కదా."

"నా బకెట్లోంచి వచ్చాయి."

అతనికి కోపం వచ్చింది. ఏడాదిగా ఏ భావమూ లేని మొహం మీద ఆ కోపం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది. తనదేదో నేను లాక్కున్నట్టు చూస్తున్నాడు.

"సరే, లెక్క తేలుద్దాం. నీళ్ళు నువ్వు పోశావు, ఉప్పు ఆ డ్రైవరు పోశాడు. బొమ్మ నేను వేశాను. పడవ లేకపోతే అది తడిసిన కాగితం. తెలుస్తోందా?"

"పడవ లేకపోతేనే అది బాగుంది," అన్నాను.

అది తగిలింది. అన్నయ్య వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వదిన వంటింట్లో గిన్నెలు కడుగుతూనే ఉంది. కడిగినవే మళ్ళీ కడుగుతోందని చప్పుడును బట్టి తెలుస్తోంది.

అప్పుడే పెట్టె సర్దుకుని వెళ్ళాల్సింది. కానీ తరగతులు ఇంకా మిగిలి ఉన్నాయి, వచ్చేవాళ్ళు నాకోసం వస్తున్నారు. ఆ మిగిలిన రోజులు అన్నయ్యతో మాట్లాడలేదు. పాఠం అయ్యాక నా కాగితాలన్నీ చుట్టి నా పెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. తాళం చప్పుడు ఇల్లంతా వినబడేలా వేసేదాన్ని. వదిన వింటే వినని, ఆయన వింటే వినని. కోపంతో పరిచిన రంగు సమంగా దిగదు, చారలు చారలుగా పట్టీలు పడుతుంది. నా చేతిని అదుపులో పెట్టుకోవడానికి కాగితం మీద కాగితం పాడుచేశాను. నర్సు ఒకరోజు మెల్లగా అడిగింది, "కాసేపు ఆపుదామా?" అని. "లేదు, మళ్ళీ తడపండి," అన్నాను.

తరగతుల చివరి రోజు అందరి ఇళ్ళవాళ్ళనూ పిలిచారు. ముందుగది నిండింది. అన్నయ్య అందరి ముందూ ఒక బొమ్మ వేసి చూపిస్తాడని వదిన చెప్పింది. ఫ్రేమాయన కూడా ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"సముద్రం లాంటిది ఒకటి వేయండి. ఎలా పుడుతుందో కళ్ళతో చూస్తాం," అన్నాడు.

అన్నయ్య నవ్వి బోర్డు మీద కాగితం బిగించాడు. స్పాంజితో తడిపాడు. ఆ తడపడం మాత్రం ఎంత బాగా తడిపాడో. అంచులకు నీళ్ళు చేరకుండా, మధ్యలో చెరువు కట్టకుండా, కాగితమంతా ఒకే మెరుపు. చిన్నప్పుడు నేను నోరు వెళ్ళబెట్టి చూసిన చెయ్యి అది. తర్వాత కుంచెను నీలంలో ముంచాడు.

ముంచి, ఆగాడు.

కుంచె కాగితానికి జానెడు ఎత్తులో ఉండిపోయింది. కొసన రంగు బొట్టు కట్టి, లావై, పడబోతుంటే దాన్ని గిన్నె అంచుకు తుడిచాడు. మళ్ళీ ముంచాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. అంచుల నుంచి లోపలికి తడి తగ్గడం నాకు కనబడుతోంది. అతనికీ కనబడుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి దిగలేదు.

అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. అందరికీ వినబడేలా, నవ్వుతూనే అన్నాడు.

"నీళ్ళు పరచడం మా చెల్లెలు చేస్తుంది. మీ టీచరమ్మ కదా. దాని మీద నేను పూర్తి చేస్తాను."

కుంచెను నా వైపు చాచాడు.

అక్కడున్నవాళ్ళకు అది ముచ్చటగా అనిపించి ఉంటుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టబోయారు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాను. వాటిని తీయలేదు.

"నీ బొమ్మ కదా అన్నయ్యా. నువ్వే వేయి," అన్నాను.

గొంతు పెంచలేదు. అతని చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. కాగితం మధ్యలో మిగిలిన కాస్త మెరుపు కూడా పోయింది. కాగితం ఒక మూల చిన్నగా లేచింది. డ్రైవరుగారు లేచి ఫ్యాను ఆపారు, దానితో ఏదో ఆగుతుందన్నట్టు. అప్పటికి ఆరిపోయింది. అన్నయ్య కుంచెను నీళ్ళలో పెట్టి, చేతులు తుడుచుకుని, అందర్నీ దాటుకుని లోపలికి వెళ్ళాడు. వదిన పళ్ళెంలో టీలు పట్టుకొచ్చింది, వేళ కాకముందే. జనం టీ తాగుతూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఫ్రేమాయన మాత్రం గ్లాసు ముట్టకుండా నన్నే చూస్తూ కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక వదిన వంటింటి గడపలో నన్ను ఆపింది.

"ఒక్క నిమిషం కుంచె పట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఇప్పటిదాకా పోయింది చాలదా?"

"మనిషిని నలుగురిలో నిలబెట్టి చంపావు."

"నన్ను గోడకి తగిలించినప్పుడు నువ్వు తలుపు దగ్గర నమస్కారాలు పెడుతున్నావు వదినా. అప్పుడు నీకు తెలుసా, తెలీదా?"

ఆమె తల దించుకోలేదు. సూటిగా చూసింది.

"తాడు మీదనుంచి తీసి ఇచ్చింది నేనే," అంది.

వదిన కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"రోజూ ఆ ఫ్యాను కేసి చూసే మనిషి పక్కన నువ్వు పడుకోలేదు. నేను పడుకున్నాను. నీవి తీసుకెళ్ళి ముందు పెట్టాను. రోజంతా చూశాడు. మర్నాడు పెన్సిలు అడిగాడు. ఏడాది తర్వాత నన్ను ఒక వస్తువు అడిగాడు. ఎవరి కాగితం అని నేను చూస్తానా?"

"నన్నడిగితే ఇచ్చేదాన్ని కదా వదినా."

"అడిగితే నువ్విస్తావు. నువ్విచ్చావని తెలిస్తే ఆయన తీసుకోడు."

అది నిజమే. అది నిజమని తెలియడం వల్ల కోపం తగ్గుతుందేమో అని చాలామంది అనుకుంటారు. నాకు తగ్గలేదు, రెట్టింపయింది. అన్నయ్య ఒక్కడే దొంగైతే సులువుగా ఉండేది. నాకు పాఠాలు చెప్పమని పని అప్పగించిన చెయ్యే తాడు మీదనుంచి నా పని లాగేసుకుంది. ఆ సాయంత్రమే పెట్టె తీసుకుని వచ్చేశాను. వదిన గేటు దాకా వచ్చింది. బోర్డు విప్పడానికి వచ్చానంది.

దుకాణం మళ్ళీ తెరిచాక దాని మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. నర్సు, డ్రైవరుగారు అక్కడికీ వచ్చారు. ఆదివారాలు నేలమీద చాప పరిచి అవే అభ్యాసాలు. అన్నయ్య బొమ్మలన్నీ అమ్ముడుపోయాయని ఎవరో చెప్పారు. ఎంతకని అడగలేదు. చెప్పబోతే వద్దన్నాను.

వానలు పడుతున్నప్పుడు ఒక ఆదివారం అన్నయ్య మెట్లెక్కి వచ్చాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో చుట్టిన కాగితం. పాఠం నడుస్తోంది. డ్రైవరుగారు లేచి కుర్చీ జరిపారు. నేను కూర్చోమనలేదు. పాఠం అయ్యేదాకా అతను గుమ్మంలోనే, తడిసిన చెప్పులతో, నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తే కింద వదిన గొడుగు పట్టుకుని ఉంది. పైకి రాలేదు. రమ్మని నేనూ పిలవలేదు.

అందరూ వెళ్ళాక అన్నాడు.

"ఫ్రేమాయనకు చెప్పాను."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. ఆ నీళ్ళు మా చెల్లెలివి, పైన గీతలే నావి అని."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. నాకు వినయం ఎక్కువైందన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు నవ్వు ఆపి, కొన్నవాళ్ళ చెవిన ఈ మాట పడితే ఇద్దరం మునుగుతామన్నాడు."

"నువ్వేం చేశావు?"

"వచ్చేశాను."

"అంతేనా?"

"అంతే."

నాకది చాల్లేదు. ఇవాళ్టికీ చాలదు. ఎక్కడో ఎవరింట్లోనో, నా నీళ్ళ మీద అతని పడవ కూర్చునే ఉంది. ఆ మాటే అన్నాను. తల ఊపాడు. తర్వాత కవరులోంచి కాగితం తీసి నేలమీద పరిచాడు. పడవ లేదు, కొండ లేదు, సంతకం లేదు. పైనుంచి కిందిదాకా ఒక్క నీలం, అది కూడా పట్టీలు పట్టీలుగా, ఎండిన చోట మళ్ళీ రుద్దినట్టు.

"ఇది చూడు," అన్నాడు.

"పట్టీలు పడ్డాయి. బోర్డు వంచలేదు."

"వంచాను."

"వంచితే ఇలా వస్తుందా? రంగు నిలబడిపోయింది. ఆరిన అంచు మీద మళ్ళీ కుంచె పెట్టావు."

"పెట్టలేదంటున్నాగా."

"కళ్ళకు కనబడుతుంటే లేదంటావేంటి?"

"ఏమే, బోర్డు వంచడం నీకు నేర్పిందెవరు?"

"నేర్పినవాడివి నువ్వే. మర్చిపోయినవాడివీ నువ్వే."

"మర్చిపోతే నీ దగ్గరికి ఎందుకొస్తాను?"

"ఎందుకొచ్చావో నువ్వే చెప్పు."

ఇద్దరం గొంతులు చించుకున్నాం. ఇంటి గురించి కాదు, గోడ మీద బొమ్మల గురించి కాదు, వంపు ఎంత ఉండాలన్నదాని గురించి. కింద దుకాణంలోంచి ఎవరో "అమ్మా, అంతా బాగానే ఉందా?" అని పిలిచారు. బాగానే ఉందని కిటికీలోంచి అరిచి చెప్పాను. వెనక్కి తిరిగేసరికి అతను చాప మీద కూర్చుని, డ్రైవరుగారు వదిలి వెళ్ళిన బోర్డును ఒళ్ళోకి లాక్కుని, కాగితానికి టేపు అంటిస్తున్నాడు. టేపు వంకరగా అంటుకుంటే పీకి మళ్ళీ అంటించాడు. గిన్నె కోసం చుట్టూ చూశాడు. గిన్నె ఖాళీగా ఉంది.

"కుళాయి కిందుంది, మెట్ల పక్కన. వెళ్ళి తెచ్చుకో," అన్నాను.

వెళ్ళి తెచ్చుకున్నాడు.